మీ సైట్ అమ్మ ఫోన్‌లో తెరిచి చూశారా?

మీది చొప్పదండి. ఊరి గురించి వెబ్‌సైట్ చేయమని స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారనుకోండి. ల్యాబ్ కంప్యూటర్లో సూపర్‌గా వచ్చింది. ఇంటికొచ్చి అమ్మ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలన్నీ చీమల్లా ఉన్నాయి! ఎందుకలా?

హెచ్‌టీఎంఎల్‌లో ‘వ్యూపోర్ట్’ మెటా ట్యాగ్ పెట్టలేదు. ఆ ఒక్క లైను లేకపోతే ఫోన్ మీ పేజీని సుమారు 980 పిక్సెల్స్ వెడల్పున్నట్టు లెక్కేసి, చిన్న తెరలో కుదించేస్తుంది.

తెలుగు గజిబిజి గుర్తుల్లా కనిపిస్తోందా? ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేసి, అదే మాట మెటా ట్యాగ్‌లోనూ రాయండి. మన లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కదా. సీఎస్‌ఎస్‌లో లైన్-హైట్ 1.6 దాకా ఇస్తే లైన్లు ఒకదానికొకటి తగలవు.

ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటోను అలాగే పెట్టకండి. వెడల్పు 1,000 పిక్సెల్స్‌కి తగ్గిస్తే త్వరగా తెరుచుకుంటుంది, డేటా మిగులుతుంది. ప్రతి ఫొటోకి ‘ఆల్ట్’ వివరణ రాయండి. చూపులేనివారికి స్క్రీన్ రీడర్ దాన్నే చదివి వినిపిస్తుంది.

ఆడంబరం లేదని బాధపడొద్దు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన తొలి వెబ్‌సైట్‌లో ఉన్నవి అక్షరాలు, లింకులే.

గిట్‌హబ్ పేజెస్‌లో సైట్‌ను ఉచితంగా పెట్టొచ్చు. అది లోకమంతా చూస్తుంది కాబట్టి స్నేహితుల ఫోన్ నంబర్లు పెట్టకండి. సార్‌కి చూపించే ముందు అమ్మకి లింక్ పంపి, పక్కన కూర్చొని చూడండి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ సరిచేయండి.