మెకానిక్స్ లీన్: కాంట్రాక్టర్‌కు మొత్తం డబ్బులిచ్చినా ఇంటిపై క్లెయిమ్.. అమెరికాలో ఈ రూల్ ఏంటి?

ఇంటి పని పూర్తయింది. కాంట్రాక్టర్‌కు బిల్లు మొత్తం కట్టేశారు. కొన్నాళ్లకు టైల్స్ సప్లయర్ వచ్చి, తనకు డబ్బులు అందలేదంటూ అదే ఇంటిపై క్లెయిమ్ వేశాడు. ఇదెక్కడి న్యాయం అనిపిస్తుంది. కానీ అమెరికాలో ఇది చట్టప్రకారం సాధ్యమే. దీన్నే ‘మెకానిక్స్ లీన్’ అంటారు. కాలిఫోర్నియాలో సొంతిల్లు ఉన్న తెలుగువాళ్లు కిచెన్ మార్పించినా, పైన గది వేయించినా ఈ రూల్ వర్తిస్తుంది.

ఎందుకు పెట్టారు?

గోడలో కలిసిపోయిన సిమెంట్‌ను డబ్బులు రాలేదని వెనక్కి తీసుకెళ్లలేరు. అందుకే పనిచేసినవాళ్లకు, సరుకు ఇచ్చినవాళ్లకు ఆ ఆస్తిపైనే హక్కు కల్పించారు. రాజధాని వాషింగ్టన్ నిర్మాణం కోసం 1791లో మేరీల్యాండ్ తొలిసారి ఈ చట్టం తెచ్చింది. కాలిఫోర్నియా అయితే దీన్ని ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే పెట్టింది.

ఎలా పనిచేస్తుంది?

* ఓనర్‌తో నేరుగా ఒప్పందం లేని సబ్‌కాంట్రాక్టర్, సప్లయర్ పని మొదలైన 20 రోజుల్లో ‘ప్రిలిమినరీ నోటీస్’ ఇవ్వాలి. లేటైతే, నోటీసుకు ముందు 20 రోజుల నుంచి చేసిన పనికే హక్కు ఉంటుంది.
* బకాయి రాకపోతే పని పూర్తయిన 90 రోజుల్లోగా కౌంటీ రికార్డర్ ఆఫీసులో లీన్ నమోదు చేయాలి. పని అయిపోయిందని ఓనర్ ముందే నోటీస్ రికార్డ్ చేయిస్తే గడువు తగ్గుతుంది. మెయిన్ కాంట్రాక్టర్‌కు 60 రోజులు, మిగతావాళ్లకు 30 రోజులే.
* లీన్ నమోదైన 90 రోజుల్లోగా కోర్టుకు వెళ్లాలి. లేదంటే సాధారణంగా ఆ లీన్ చెల్లదు.

లీన్ పడితే ఇల్లు అమ్మడం, రీఫైనాన్స్ చేయించుకోవడం కష్టమే. కేసు గెలిస్తే ఇంటిని అమ్మించి మరీ బకాయి రాబట్టుకోవచ్చు. అంటే కాంట్రాక్టర్ మధ్యలో డబ్బులు ఎగ్గొడితే, ఓనర్ ఒకే పనికి రెండుసార్లు చెల్లించాల్సి రావచ్చు.

ఓనర్ ఏం చేయాలి?

ప్రిలిమినరీ నోటీస్ వస్తే కంగారు పడొద్దు. అది కేసు కాదు, ఇంట్లో ఎవరెవరు పనిచేస్తున్నారో చెప్పే కాగితం. పారేయకుండా దాచుకోవాలి. ప్రతి పేమెంట్‌కు ముందు ఆ లిస్టులో ఉన్నవాళ్ల నుంచి ‘కండిషనల్ వెయివర్’, డబ్బులు అందాక ‘అన్‌కండిషనల్ వెయివర్’ తీసుకోవాలి. అనుమానముంటే కాంట్రాక్టర్, సప్లయర్ ఇద్దరి పేర్లతో జాయింట్ చెక్ ఇవ్వొచ్చు.

మన దగ్గర సంగతేంటి?

భారత్‌లో ఇలాంటి చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 ప్రకారం సానపట్టడానికి ఇచ్చిన వజ్రాన్ని, కూలి ముట్టేదాకా పనివాడు తన దగ్గరే ఉంచుకోవచ్చు. కానీ అది చేతికిచ్చిన వస్తువులకే. కట్టిన ఇంటికి వర్తించదు. అందుకే ఇక్కడ మేస్త్రీకైనా, కాంట్రాక్టర్‌కైనా రాతపూర్వక అగ్రిమెంట్, పని సాగేకొద్దీ విడతలవారీ పేమెంటే అసలు రక్షణ.