కథల్లోని కాపురాలు: ఎవరి మాట చెల్లుతుంది?

కథల్లో, నాటకాల్లో, సినిమాల్లో కనిపించే దాంపత్యాలను చర్చించేటప్పుడు ఆధిపత్యం అనే మాటను చాలామంది పెద్ద గొంతుకు, కోపానికి, చెయ్యి చేసుకోవడానికి మాత్రమే పరిమితం చేస్తారు. ఇద్దరి బతుకుకు సంబంధించిన నిర్ణయాన్ని ఒకరే తీసుకోగలగడం, దాని ఫలితాన్ని రెండోవారు కాదనలేక అనుభవించవలసి రావడం ఆధిపత్యమని గ్రహిస్తే, ఎంతో పరిచయమున్న కథల మీద పేరుకుపోయిన అపోహలు కొన్ని వీడిపోతాయి.

అపోహ: నోరున్న ఆడదే ఇంటిని ఏలుతుంది.

‘గుండమ్మ కథ’ (1962)లో సూర్యకాంతం పోషించిన పాత్రను గయ్యాళి భార్యకు నమూనాగా చెప్పుకోవడం అలవాటైపోయింది గాని, ఆ కథలో గుండమ్మ వితంతువు. ఆమె పెత్తనం సాగింది భర్త లేని ఇంట్లోనే. భార్యగా మనకు కనిపించే ఆమె కూతురు సరోజ సంగతి వేరు. భర్త రాజా తన కలిమిని దాచిపెట్టి, కష్టమెరుగని ఆమె చేత తోటపని చేయిస్తాడు. ఆమె నోరు ఎంత పెద్దదైనా, ఆ పేదరికం నాటకమని తెలిసినవాడు అతడు, తెలియనిది ఆమె కనుక పగ్గాలు అతని చేతిలోనే ఉన్నాయి.

ఈ పద్ధతికి ఐరోపా సాహిత్యంలో పేరుపడ్డ ఉదాహరణ, షేక్‌స్పియర్ 1590ల ప్రాంతంలో రాసిన ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’, అంటే గయ్యాళిని లొంగదీయడం. అందులో పెట్రూకియో మాంసం మాడిందని వంక పెట్టి వడ్డించిన పళ్లెం విసిరేస్తాడు, పక్క సరిగా వేయలేదని దిండ్లూ దుప్పట్లూ చిందరవందర చేస్తాడు, అదంతా భార్య మీది శ్రద్ధ కొద్దీ చేస్తున్నట్టు నటిస్తూ ఆమెను ఆకలితో, నిద్రలేమితో లొంగదీస్తాడు. భార్య మీద చెయ్యి ఎత్తడు గనుక దీన్ని సరసంగా చదివినవారున్నారు. ఆ చదువు సరైనది కాదు. సుమారు రెండు దశాబ్దాలకే జాన్ ఫ్లెచర్ అనే నాటకకర్త అదే పెట్రూకియోకు రెండో పెళ్లి చేసి, ఆ భార్య చేత అతణ్ణి లొంగదీయించాడంటే, భార్య లొంగిపోయే ఆ ముగింపు ఆనాటివారిలో కూడా అందరికీ మింగుడు పడలేదనుకోవచ్చు.

అపోహ: గురజాడ ‘దిద్దుబాటు’లో గెలుపు పూర్తిగా భార్యదే.

1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చిన ఈ కథలో, భోగంవారి పాటకచేరీల మోజులో పడి పొద్దుపోయి ఇల్లు చేరే గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనిపిస్తుంది. అతడు పశ్చాత్తాపపడుతుండగా మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. ఆడపిల్లల చదువే వివాదంగా ఉన్న రోజుల్లో భార్య చేతి రాతకు ఇంత బలమివ్వడం గురజాడ సాధించిన గొప్ప విషయం, అందులో సందేహం లేదు. అయినా కమలిని ఎక్కడికీ వెళ్లలేదన్న సంగతిని మరిచిపోకూడదు. వెళ్లిపోయినట్టు నటించడమే ఆమెకు అందుబాటులో ఉన్న ఆయుధం. కచేరీలు మానాలా వద్దా అన్న నిర్ణయం చివరిదాకా భర్తదే.

పతిభక్తి ఉన్నచోట స్త్రీ మాటకు విలువ ఉండదన్న అపోహ కూడా ఇలాంటిదే. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ కథలో పరుల సొమ్ముకు ఆశపడ్డ భర్తను వారించే భార్యను చిత్రించింది.

అపోహ: భార్య గడప దాటితే ఆధిపత్యం అంతమవుతుంది.

1879లో కోపెన్‌హాగెన్‌లో తొలిసారి ప్రదర్శించిన ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ (బొమ్మరిల్లు) అనగానే నాయిక నోరా ఇల్లు వదిలి వెళ్తూ వేసిన తలుపు గుర్తుకొస్తుంది గాని, అసలు కథ అంతకు ముందే ఉంది. భర్త అనుమతి లేనిదే భార్య అప్పు చేయడానికి వీల్లేని కాలంలో, జబ్బుపడ్డ భర్తను బతికించుకోవడానికి ఆమె తండ్రి సంతకం తానే పెట్టి అప్పు తెస్తుంది. ఆ గుట్టు బయటపెట్టే ఉత్తరం పెట్టెలో పడుతుంది. పెట్టె తాళంచెవి భర్త దగ్గరే ఉంటుంది. తర్వాత ఆ తాళంలో అతనికి విరిగిన తలపిన్ను దొరికితే, అది పిల్లల పని అయి ఉంటుందని నోరా సర్దిచెబుతుంది. భార్యకు తన ఇంటి ఉత్తరాలపెట్టెను తెరిచే వీలు కూడా లేదని ఆ పిన్ను ముక్క చెప్పినంతగా ఏ సంభాషణా చెప్పలేదు. జర్మనీలో ఒక నటి పిల్లలను విడిచి వెళ్లే తల్లిగా నటించనని పట్టుబట్టినప్పుడు, ఎవరో మార్చడం కన్నా తానే మార్చడం మేలనుకుని, నోరా ఇంట్లోనే ఉండిపోయే మరో ముగింపును ఇబ్సెన్ ఇష్టం లేకుండానే రాసిచ్చాడు. అంటే గడప దాటిన పాత్రను కూడా వెనక్కి లాగగల శక్తి నాటకానికి బయట ఉంది.

చలం ‘మైదానం’ (1927) ఈ అపోహను మరింత లోతుగా ప్రశ్నిస్తుంది. వకీలు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిన రాజేశ్వరి కథను స్వేచ్ఛా గీతంగా పొగిడినవారూ, బరితెగింపుగా తిట్టినవారూ ఒక విషయాన్ని సమానంగా విస్మరించారు. గర్భం వద్దని అమీర్ పట్టుబట్టినప్పుడు, అతడు మరో పిల్లను కోరినప్పుడు, నిర్ణయం అతనిది, దాని బరువు రాజేశ్వరిది. పెళ్లి లేని చోటికి కూడా ఆ పాత ఏర్పాటు ఆమె వెంటే వచ్చింది. అయితే కథంతా చెప్పేది ఆమే. భర్త గానీ, అమీర్ గానీ పాఠకుడికి తెలిసేది రాజేశ్వరి మాటల్లోనే.