కొత్త పవర్ కాదది.. నాయిన ఆట

యానిమే ఫైటింగుల హీరో ఓడిపోయే టైముకు ఒక్కసారే కొత్త పవర్ వస్తది. మ్యూజిక్ లేస్తది, విలన్ పరేషాన్ అయితడు, మనం విజిల్ ఏస్తం. ‘ఇంతసేపు యాడ దాచిండు గీ పవర్?’ అని నవ్వేటోళ్లు గూడ ఉంటరు. ఆ ప్రశ్నకు మంచి జవాబు ‘డీమన్ స్లేయర్’ మొదటి సీజన్ 19వ ఎపిసోడ్‌ల ఉన్నది. అది 2019 ఆగస్టుల వచ్చింది. ఆ కథల ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ సినిమా 2025 సెప్టెంబర్‌ల తెలుగు డబ్బింగుతోని మన థియేటర్లకు గూడ వచ్చింది.

నటగుమో గుట్ట మీద తంజిరోకు, రూయి అనే రాక్షసునికి కొట్లాట. రూయి ఆయుధం సాలెగూడు అసొంటి దారాలు. ఆ దారానికి తగిలి తంజిరో కత్తి విరిగిపోతది. అయినా ఆగడు. గురువు దగ్గర రెండేండ్లు కష్టపడి నేర్చుకున్న నీటి శ్వాసల పదో పట్టు తీస్తడు. గిర్రున తిరిగినకొద్దీ దెబ్బకు బలం పెరుగుతది, దారాలు తెగుతయ్. అప్పుడు రూయి ఎర్రని దారాలు వదులుతడు. అవి తెగేటియి కావు. చావు ఎదురుంగ ఉన్నది.

గప్పుడు తంజిరోకు నాయిన యాదికొస్తడు. వాళ్లది గుట్టల్ల బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇల్లు. నాయినకు పానం బాగుండకపోయేది. కానీ ఏడాదికోసారి, కొత్త సంవత్సరం రాత్రి, మంచుల నిలబడి అగ్గి దేవునికి మొక్కుతూ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాక ఆడేటోడు. అంత బక్క మనిషి ఎట్ల ఆడగలిగిండు? ఎంత కదిలినా అలసిపోకుంట ఊపిరి తీసుకునే పద్ధతి ఒకటి ఉన్నదని నాయిన చెప్తడు. ఆ ఆటను, చెవులకున్న పోగులను కొడుకుకు అప్పజెప్పిండు. ఆ ఆట పేరు హినోకామి కగురా.

కగురా అంటే రచయిత పుట్టించిన మాట కాదు. జపాన్‌ల దేవుళ్ల ముందు ఆడే పాత ఆట అది. మియాజాకి ప్రాంతంల తకాచిహో అనే ఊరున్నది. అక్కడ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక ఊరోళ్లే వేషం కట్టి, రాత్రంత మేల్కొని 33 ఆటలు ఆడుతరు.

నాయిన ఆట యాదికి రాంగనే తంజిరో నీటి శ్వాస ఇడిచి ఆ ఆట అడుగులతోనే కత్తి తిప్పుతడు. చెల్లె నెజుకో గూడ తన రక్తాన్ని మండించి దారాలను కాలుస్తది. అన్నచెల్లెండ్లు కలిసి కొట్టిన దెబ్బ అది. రూయికి గూడ కుటుంబం ఉన్నది, కానీ అది భయపెట్టి కూడబెట్టింది. కష్టం రాంగనే ఏ కుటుంబం నిలబడ్డదో అక్కడ కండ్లకు కనబడుతది.

అసలు ముచ్చట దాని తర్వాత ఉన్నది. తంజిరో గెలవలే. దెబ్బ తగలకముందే రూయి తన తల తానే కోసుకున్నడు, అందుకే సావలే. తంజిరో లేవలేక నేల మీద పాకుతుంటడు. ఒక శ్వాస నుంచి ఇంకో శ్వాసకు ఎకాఎకి మారినందుకు పెయ్యి సహకరించదు. గియూ వచ్చి కాపాడుతడు. ఆ తర్వాత తంజిరో మళ్ల ట్రైనింగుకే పోతడు. ఎండిన సొరకాయ బుర్రలల్ల ఊది, అవి పగిలేదాక ఊపిరి పెంచుకుంటడు. పవర్ ఒక్క నిమిషంల వచ్చినట్టు కనబడ్డా, దాన్ని ఆపుకునే పెయ్యికి నెలలు పట్టింది.

కథ ముందుకు పోయినంక ఇంకో సంగతి తెలుస్తది. చూడనోళ్లు ఈ పేరా ఇడిచిపెట్టున్రి. ఆ ఆట నిజానికి సూర్య శ్వాస అనే పాత కత్తి విద్య. అది తెలిసిన కత్తి వీరులను రాక్షసులు ఎతికి ఎతికి సంపిన్రు. కత్తి పట్టినోళ్ల దగ్గర మాయమైన విద్య, బొగ్గులు అమ్ముకునేటోళ్ల ఇంట్ల ఆట రూపంల తరతరాలు బతికింది. పుస్తకం లేదు, బడి లేదు. కొడుకు నాయినను చూసి నేర్చుకున్నడు, గంతే.

అందుకే ఆ సీను అంతగనం తాకుతది. తంజిరోకు ఆకాశం నుంచి ఏం ఊడిపడలే. ఇంట్ల ఉన్నదాని ఇలువ, పానం మీదికి వచ్చినంక తెలిసింది. ఈసారి ఆ ఎపిసోడ్ పెట్టినప్పుడు కత్తి మీది మంటల కంటే ముందు, మంచుల ఆడుతున్న ఆ బక్క మనిషిని చూడున్రి. కొట్లాట ఆడనే మొదలైంది.