పాత్రధారణ క్రీడలలో యుద్ధవిధానము



మన యిండ్లలో బాలురు తెరవంక చూచుచు గంటలకొలది యుద్ధములు చేయుచుండుట మీ రెరిగినదే. ఆ యుద్ధమున కొక విధానముండుననియు, దానినిబట్టియే ఆడువారు క్రీడయొక్క మంచిచెడ్డల నెంచుదురనియు మనము తలంపము. నేడు వీడియో గేములలో నొక జాతియగు పాత్రధారణ క్రీడలను గూర్చి మాత్రము మనవిచేసెదను.

ఆడువాడు కథలోని యొక వ్యక్తియై, ఆ వ్యక్తి బలమును విద్యను క్రమముగా పెంచుచు కథ నడపుట పాత్రధారణ క్రీడ. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి మూలము. అది బల్లచుట్టు కూర్చుండి పాచికలతో నాడునది. కత్తివ్రేటు తగిలినదో తప్పినదో పాచికయే తేల్చును. చేతివేగముతో పనిలేదు.

1986లో జపానులో యూజీ హోరీ కల్పించిన 'డ్రాగన్ క్వెస్ట్' తెరమీద ఇట్టి నెమ్మదియైన పోరునే సాగించినది. అందు వంతులవారీగా దెబ్బలు. ఓడిన వీరుడు రాజసన్నిధిని మరల మేల్కొనును. సొమ్ము సగము పోవును గాని గడించిన అనుభవము పోదు. చిన్న శత్రువులతో పలుమారు పోరినచో నేటి అసాధ్యము రేపు సాధ్యమగును. ఓర్పునకు ఫలము కలదని యిట్టి క్రీడను కొందరు మెచ్చుదురు. విసుగని కొందరు తెగడుదురు.

2011లో హిదెతాకా మియాజాకి నిర్దేశకత్వమున వెలువడిన 'డార్క్ సోల్స్' మార్గము వేరు. ఖడ్గమెత్తిన పిమ్మట వెనుదీయ వీలులేదు, తొందరపడినవాడు దెబ్బతినును. హతుడైనచోటనే వాని గడన పడియుండును. పోయి తెచ్చుకొనవచ్చును, దారిలో మరల హతుడయ్యెనా, అది శాశ్వతముగా పోవును. నెగడుకడ విశ్రమించినచో గాయములు మానును గాని, చంపిన శత్రువులలో పెక్కండ్రు మరల లేతురు. సులభము, కష్టము అని యెన్నుకొను వీలును లేదు. అందుచే దాని శిథిలనగరముల సొంపుకంటె, కథకంటె, కాఠిన్యమే ముందుగా లోకమున ప్రసిద్ధమైనది.

మా మనుమడు దీని నాడుచుండగా నేను కోపించితిని. వాడు, "తాతయ్యా, ఇరువదిమార్లు ఓడితిని, ఇప్పుడు వాని యెత్తు తెలిసినది" అనెను. ఆ మాట నన్ను నిలిపినది. బడిలో ఒకమారు తప్పిన బాలుని బెత్తముతో భయపెట్టితిని గాని, ఇరువదియొకటవమారు యత్నింపుమని నేనెన్నడును చెప్పియెరుగను.

అయినను కాఠిన్యమంతయు ఒక్కటి గాదు. ఓడినవాడు తన తప్పును తాను గుర్తింపగలిగినచో అది శిక్షణ. శత్రువు ప్రాణబలమును మాత్రము పెంచి పోరు సాగదీసినచో అది వట్టి శ్రమ. మరియు చేతిపటుత్వము తగ్గినవారికి, చూపు మందగించినవారికి న్యాయమైన కాఠిన్యము సైతము మూసిన తలుపే. సులభమార్గ ముండవలెనా, కూడదా యను వివాదము ఇందుండియే పుట్టినది.

పోరు లేక పాత్రధారణ లేదా? 2015లో అమెరికావాడగు టోబీ ఫాక్స్ రచించిన 'అండర్‌టేల్'లో ఒక్క ప్రాణినైన చంపక కథ ముగింపవచ్చును; చంపినచో ముగింపు మారును. 2019లో ఎస్టోనియా రచయిత రాబర్ట్ కుర్విట్జ్ ప్రభృతులు వెలువరించిన 'డిస్కో ఎలీసియం'లో ప్రత్యేకమైన యుద్ధఘట్టమే లేదు. సంభాషణయు పాచికయు కార్యము తేల్చును.

కావున ఇకమీద మనుమని "ఎందరిని చంపితివి?" అని యడుగకుడు. "ఎట్లు ఓడితివి? ఏమి నేర్చితివి? చంపక పోవు మార్గము కలదా?" అని యడుగుడు. వాని యుత్తరమునుబట్టి ఆ క్రీడ విలువ మీకే తెలియును.

సెలవు.