పిల్లలలో హైపర్‌థైరాయిడిజం

హైపర్‌థైరాయిడిజం అనగా మెడ ముందుభాగములో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే అవటు గ్రంథి (థైరాయిడ్ గ్రంథి) అవసరానికి మించి హార్మోనులను స్రవించుట. ఇది పెద్దలతో పోల్చితే పిల్లలలో అరుదు. బాలురకంటె బాలికలలో ఎక్కువ.

కారణాలు

పిల్లలలో దీనికి ముఖ్య కారణం గ్రేవ్స్ వ్యాధి. ఐరిష్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో దీనిని వర్ణించాడు. శరీర రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రతిరక్షకాలు గ్రంథిని నిరంతరం ప్రేరేపించుట వలన ఈ వ్యాధి కలుగుతుంది. తల్లికి ఈ వ్యాధి ఉంటే ప్రతిరక్షకాలు మాయ ద్వారా శిశువుకు చేరి, పుట్టిన తరువాత కొన్ని వారాలపాటు బాధించవచ్చును.

లక్షణాలు

బాగా తింటున్నా బరువు తగ్గుట, గుండెదడ, చేతుల వణుకు, అధికంగా చెమట పట్టుట, నిద్రలేమి, మెడ వాపు ముఖ్య లక్షణాలు. చేతివ్రాత చెడుట, తరగతిలో నిలకడగా కూర్చొనలేకపోవుట కూడా కనిపిస్తాయి. వీటిని అల్లరిగా భావించి బిడ్డను దండించుట వలన రోగనిర్ధారణ ఆలస్యమవుతుంది.

నిర్ధారణ

రక్తపరీక్షలో టి3, టి4 హార్మోనులు ఎక్కువగాను, టి.ఎస్.హెచ్. తక్కువగాను ఉంటాయి. ప్రతిరక్షకాల పరీక్ష గ్రేవ్స్ వ్యాధిని ధ్రువపరుస్తుంది.

చికిత్స

మందులు: మొదట ఇచ్చేది మెథిమజోల్ లేదా కార్బిమజోల్. కార్బిమజోల్ శరీరంలో మెథిమజోల్‌గా మారుతుంది. మోతాదు బిడ్డ బరువును బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. గుండెదడ తగ్గుటకు మొదటి వారాలలో ప్రొప్రనొలాల్ వంటి మందు ఇస్తారు. ఉబ్బసం ఉన్న పిల్లలకు ప్రొప్రనొలాల్ తగదు. ప్రొపైల్‌థయోయురాసిల్ కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయగలదని 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అందుచేత దానిని పిల్లలకు సాధారణంగా వాడరు.

మందులను కనీసం రెండు సంవత్సరాలు, తరచుగా అంతకంటె ఎక్కువ కాలం వాడవలెను. బిడ్డ కోలుకున్నట్లు కనిపించగానే తల్లిదండ్రులు సొంతంగా మందు ఆపితే వ్యాధి తిరగబెడుతుంది. అయితే మందు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి లేదా నోటిపూత వస్తే మాత్రం మందు ఆపి, అదేరోజు వైద్యుని కలిసి తెల్ల రక్తకణాల పరీక్ష చేయించవలెను. అరుదుగా ఈ కణాలు ప్రమాదకరంగా తగ్గిపోవుటయే దీనికి కారణం.

రేడియోధార్మిక అయోడిన్: మందులు పనిచేయనపుడు దీనిని పరిశీలిస్తారు. ఐదేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరు.

శస్త్రచికిత్స: గ్రంథి బాగా పెద్దదైనపుడు, లేదా బిడ్డ మరీ చిన్నదై మందులు పడనపుడు గ్రంథిని తొలగిస్తారు. స్వరనాడికి, కాల్షియంను నియంత్రించే గ్రంథులకు హాని కలిగే అవకాశం ఉన్నందున అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుడు అవసరం. దీని తరువాత థైరాక్సిన్ మాత్రను జీవితాంతం వాడవలెను. అయోడిన్ చికిత్స తరువాత కూడా సాధారణంగా ఇదే పరిస్థితి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో వైద్య సదుపాయం

తిరుమల తిరుపతి దేవస్థానములు తిరుపతిలో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్)లో వినాళగ్రంథుల వైద్య విభాగం ఉంది. ఈ సంస్థ 1995 నాటి శాసనంతో విశ్వవిద్యాలయమైంది. చిత్తూరు పరిసరాలవారికి సరిహద్దు ఆవల వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల కూడా సమీపమే.

ఇవి కూడా చూడండి

అవటు గ్రంథి
హైపోథైరాయిడిజం