చూసీ చూడనట్టు వెళ్లిపోదామా?

నంద్యాల నుంచి కడప వెళ్లే దారిలో ఆళ్లగడ్డ చేరగానే రాతి శిల్పులు గుర్తుకొస్తారు. ఆ ఊరి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. దేవతా విగ్రహాలు, నాయకుల విగ్రహాలు అక్కడి నుంచి దూరప్రాంతాలకు వెళ్తుంటాయి. అడిగినవారికి అడిగిన రూపం చెక్కి ఇవ్వడం శిల్పి వృత్తి. అయితే ఎవరూ అడగని, ఎవరూ వినదలచని మాటను చెప్పడం కూడా కళ చేయవలసిన పనే.

చెడును చూసినవారు దాన్ని చేతితో మార్చాలి, చేతకాకపోతే నోటితో ఖండించాలి, అదీ కాకపోతే మనసులోనైనా అసహ్యించుకోవాలి, ఈ చివరిది విశ్వాసపు అతి బలహీన స్థితి అని దైవప్రవక్త (స) బోధించారు. మనలో చాలామంది ఆ చివరి మెట్టు మీదే ఆగిపోతున్నాం. కొందరు కళాకారులు మాత్రం అక్కడ ఆగలేదు.

సఫ్దర్ హష్మీ కార్మికుల కష్టాలను వీధి నాటకాలుగా ఆడారు. 1989 జనవరి 1న ఢిల్లీ సమీపంలోని ఝండాపూర్‌లో 'హల్లా బోల్' నాటకం ఆడుతుండగా ఆయనపై దాడి జరిగింది. మర్నాడు కన్నుమూశారు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, తోటి నటులు అదే చోటికి వెళ్లి, ఆగిన నాటకాన్ని పూర్తి చేశారు.

బెంగుళూరులో పుట్టిన చిత్రకారిణి రుమ్మానా హుస్సేన్ (1952-1999) బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత తన కళామార్గాన్నే మార్చుకున్నారు. పగిలిన మట్టికుండలే ఆమెకు కళావస్తువులయ్యాయి. 1995లో ముంబైలో ఒక ప్రదర్శనలో కాళ్లకు గజ్జెలు కట్టుకుని, సగానికి కోసిన బొప్పాయి చేతబట్టి, నోరు తెరిచి నడిచారు. కేక పెట్టినట్టే ఉంది గాని శబ్దం లేదు. మన చుట్టూ వినబడని కేకలు ఎన్ని ఉన్నాయో అది గుర్తు చేసింది.

ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాల అభ్యంతరాలు మనకు తెలిసినవే. కానీ పగిలిన కుండ మాట్లాడడానికి ముఖం అక్కరలేదు. మంచి మాటను అందమైన అక్షరాల్లో రాయడానికీ ఏ అడ్డూ లేదు.

మన ఊళ్ల సంగతే చూద్దాం. నికాహ్‌లో వరుడు వధువుకు మెహర్ ఇవ్వాలన్నది ధర్మం. 'జోడే కీ రఖమ్' పేరుతో ఆడపిల్ల తండ్రి నుంచే డబ్బు తీసుకోవడం ఆచారమైపోయింది. ఆ తండ్రి అప్పు సంగతి తెలిసీ మనం దావత్ తిని, దుఆ చెప్పి ఇంటికి వస్తున్నాం. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఒక షాదీఖానా ముందు మన పిల్లలు పావుగంట నాటకం ఆడితే? ఆ తండ్రి పడే అవస్థను గోడమీద నాలుగు అక్షరాల్లో రాస్తే? బిర్యానీ పళ్లెం ముందు కూర్చున్నవారిలో ఒక్కరైనా తలదించుకోరా?

కళ ఒక్కటే సమాజాన్ని మార్చలేదు. కానీ చూడలేదని తప్పించుకునే వీలు లేకుండా చేస్తుంది. ఈ జుమా నమాజు తర్వాత మస్జిద్ మెట్లు దిగుతూ ప్రతి ఒక్కరూ ఆలోచించాలి: మన చేయి ఏం చేస్తోంది? మన నోరు ఎందుకు మూగబోయింది?