అప్పడంలా చప్పుడు చేసిన దవడ

మా పెనుగంచిప్రోలులో పన్ను వాచిందంటే ముందు లవంగం నూనె, తర్వాతే డాక్టరు. తిరుపతమ్మ తిరునాళ్లలో నా కుడి దవడ ఉబ్బెత్తుగా కనబడితే మా ఆవిడ "ఆ కిళ్లీ ఇంకా ఉమ్మలేదా?" అంది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని ఎవడు పట్టించుకుంటాడు? రెండేళ్లు గడిపేశాను.

దవడ పన్ను కదులుతోందని నందిగామ వెళ్తే డాక్టరు వాపు మీద బొటనవేలితో నొక్కాడు. లోపల చిటచిటమంది, వేయించిన అప్పడం నొక్కినట్టు. "ఎముక గుడ్డు పెంకంత పలచబడింది, మాస్టారూ" అన్నాడు. ఓపీజీ అనే పొడుగాటి ఎక్స్‌రేలో సబ్బు నురగలాంటి బుడగలు. ముక్క పరీక్షకు పంపితే పేరు తేలింది: అమెలోబ్లాస్టోమా. 1930 నుంచీ దీనికి ఇదే పేరట.

పంటి మీద ఎనామెల్ పూత తయారుచేసే కణజాలపు జాతి నుంచి పుట్టే కంతి ఇది. పదింట ఎనిమిది కింది దవడలోనే వస్తాయి. మామూలుగా కేన్సర్ కాదు. ఆ మాటే నన్ను ముంచింది. ఎముక కోయాలన్నారు. ముఖం వంకరపోతుందని భయపడి, గీకి తీస్తే చాలని నేనే పట్టుబట్టాను.

ఏడో ఏట మళ్లీ వచ్చింది.

మిరప చేలో తుంగ పీకినట్టే. ఆకు చేతికొస్తుంది, గడ్డ మట్టిలో ఉండిపోతుంది. ఈ కంతి ఎముక గుల్లల్లోకి సన్నగా పాకుతుంది, ఎక్స్‌రేలో కనిపించే అంచు దాని అసలు అంచు కాదు. ఒకే తిత్తిగా ఉండే రకమైతే కొందరికి గీకడం సరిపోవచ్చు. నాకొచ్చిన గట్టి రకం మాత్రం గీకితే సగం మందికి పైగా తిరిగొచ్చినట్టు చాలా లెక్కలున్నాయి. అందుకే కనిపించే అంచు దాటి ఒకటి, రెండు సెంటీమీటర్ల మంచి ఎముక కూడా కోసేస్తారు.

రెండోసారి కోయించుకున్నాను. ఖాళీలో నా కాలి ఎముకే పెట్టారు. మోకాలి కింద బయటివైపు ఉండే సన్నటిది, ఒంటి బరువు పెద్దగా మోయదు. దాన్ని రక్తనాళంతో సహా తీసి, మెడ నాళాలకు మైక్రోస్కోపు కింద కుడతారు. ఇలా దవడ కట్టొచ్చని 1989లో హిడాల్గో అనే అమెరికా సర్జన్ చూపించాడు. "తాతయ్య కాలితో నములుతాడు" అని మనవడు ఊరంతా చాటాడు. నిజానికి ఎడమవైపే నములుతాను.

దవడ లోపలి నరం ఎముకతోపాటే పోయింది. కింది పెదవి కుడి సగం మొద్దు. టీ కారినా తెలియదు, కాలినా తెలియదు. చల్లార్చుకుని తాగుతాను.

తిరగబెట్టడం ఎక్కువగా మొదటి ఐదేళ్లలోనే. పదేళ్లు దాటాక వచ్చినవాళ్లూ ఉన్నారు. కోత పెట్టినా పూర్తి హామీ లేదు. ఈ కంతుల్లో చాలావాటికి బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2014లో కనుక్కున్నారు. దాని మీద పనిచేసే మాత్రలతో కొందరికి కంతి తగ్గింది కూడా.

నాకు మాత్రం ఏటా ఒక ఎక్స్‌రే. పొలం పాసుపుస్తకాల కింద ఆరు ఫిల్ములున్నాయి. ఏడోదానికి సోమవారం బెజవాడ బస్సెక్కాలి.